జబర్దస్త్ చూసి పిల్లలు ఎందుకు నవ్వరు?

టీవీ కామెడీ షో జబర్దస్త్‌లోని స్కిట్ పెడితే అమ్మానాన్నలు పగలబడి నవ్వుతుంటారు. డల్లాస్‌లో పుట్టిన తొమ్మిదేళ్ల పిల్లాడు వాళ్ల మొహాలు చూస్తూ కూర్చుంటాడు. తెలుగు రాక కాదు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. స్కిట్‌లో సగం నవ్వు ఏదో పాత సినిమా సీనుకి పేరడీ. అసలు సీను చూడనివాడికి పేరడీ ఏం అందుతుంది?

కాబట్టి ఏ స్కిట్ పెడుతున్నామన్నదే ముఖ్యం. హైపర్ ఆది స్కిట్లతో మొదలుపెట్టకండి. అక్కడ ప్రాస పంచ్‌లు వరసగా పడుతూనే ఉంటాయి, ఒకటి బుర్రకెక్కేలోపు మూడు దాటిపోతాయి. చమ్మక్ చంద్ర మొగుడూపెళ్లాల గొడవలు తేలిక, ఎవరు ఎందుకు అరుస్తున్నారో మొహాల్లోనే తెలుస్తుంది. అయితే 2013లో ఈటీవీలో మొదలైన ఈ షో పిల్లల కోసం తీసింది కాదు. డబుల్ మీనింగులు ఎక్కడైనా దూరతాయి, పెద్దవాళ్లు ముందొకసారి చూసుకోవాల్సిందే. ఏడెనిమిదేళ్లవాళ్లకి అసలు పాత కామెడీ సీరియల్ 'అమృతం' నయం. ఇద్దరు స్నేహితులు, ఒక హోటలు, అద్దె కోసం పీక్కుతినే ఇంటి ఓనరు అప్పాజీ. ఈ మూడూ తెలిస్తే ఏ ఎపిసోడైనా అర్థమవుతుంది.

పంచ్ పంచ్‌కీ రిమోట్ నొక్కి వివరిస్తే నవ్వు అక్కడే చస్తుంది. చెప్పాల్సింది ముందే చెప్పేయండి: ఏ సినిమా, హీరో ఎవరు, ఆ సీనులో ఏం జరిగింది. వీలైతే ఆ ఒక్క సీనూ చూపించండి. ఆ తర్వాత స్కిట్ మొత్తం ఆపకుండా పెట్టండి. మర్నాడు అదే స్కిట్ మళ్లీ పెడితే పిల్లలు విసుక్కోరు, రెండోసారే ఎక్కువ నవ్వుతారు.

ఇంకో సంగతి. కెమెరా జడ్జీల వైపు తిరిగిందంటే పంచ్ పడిందని పిల్లలు ఇట్టే పసిగట్టేస్తారు, అర్థం కాకపోయినా నవ్వేస్తారు. అంతా అర్థమైపోయిందని మురిసిపోకండి. అయ్యాక "ఇందాక ఆయన ఏమన్నాడు?" అని అడిగితే తేలిపోతుంది.

స్కిట్ తెలుగుతో వచ్చే అసలు చిక్కు మర్యాద. అందులో అందరూ 'ఏంట్రా', 'ఒసేయ్' అనుకుంటారు. వీడియో కాల్‌లో తాతయ్యని "ఏంట్రా తాతా" అంటే ఆయన నవ్వొచ్చు, పక్కింటాయన నవ్వడు. తిట్టకుండా అదే మాట మూడు రకాలుగా అనిపించండి: ఫ్రెండ్‌తో "ఏంట్రా", తాతయ్యతో "ఏంటి తాతయ్యా", కొత్తవాళ్లతో "ఏంటండీ". ఇక నలుపు మీద, లావు మీద, బట్టతల మీద వేసే పంచ్‌లున్న స్కిట్ పెట్టకపోవడమే మేలు. అవే మాటలు ఇంగ్లీషులో స్కూల్లో అంటే ప్రిన్సిపల్ నుంచి ఫోనొస్తుంది.

ఉగాదికి తెలుగు సంఘం స్టేజీ మీద పిల్లలతో స్కిట్ వేయించాలంటే మూడు పాత్రలు, మూడు నిమిషాలు, ఒక్కొక్కరికీ ఐదారు డైలాగులు చాలు. ప్రాసలు వద్దు, స్టేజీ ఎక్కగానే అవే మొదట ఎగిరిపోతాయి. డైలాగులు ఇంగ్లీషు అక్షరాల్లో రాసివ్వకండి, 'కళ్లు' కాస్తా 'కల్లు' అయి కూర్చుంటుంది. ఫోన్‌లో మీ గొంతుతో రికార్డు చేసి ఇస్తే స్కూలుకెళ్లే దారిలో కారులో వింటారు. నవ్వులు ఆగేదాకా తర్వాతి డైలాగు చెప్పకూడదని మాత్రం రిహార్సల్లోనే అలవాటు చేయండి. ముందు వరసలో తాతయ్యలు, బామ్మలు గట్టిగానే నవ్వుతారు.