గొడుగు సార్ తిప్పిన కాగితం

మన బడి పాత విద్యార్థుల సంచికకు రాయమని, కమిటీ తరఫున మన క్లాసు 'తబలా' మూడుసార్లు ఫోన్ చేశాడు. "రెండు పేజీలు చాలు, బజ్జీల పంచాయితీ మాత్రం రాయకు" అన్నాడు. రాయను. ఆరు నుంచి ఎనిమిది దాకా నాకు పెద్దగా గుర్తు కూడా లేదు. తొమ్మిదో తరగతిలో, వేపచెట్టు పక్క గదిలో, గొడుగు సార్ చీమల పీరియడ్ మాత్రం నిన్న జరిగినట్టుంది.

మనం 'డబుల్‌రొట్టె' అని పిలిచేవాడి డబ్బాలోంచి బెల్లం ముక్క కిటికీ అరుగు మీద పడింది. ఇంటర్వెల్ అయ్యేసరికి నల్లచీమల బారు. వాడు చెప్పు తీశాడు. సార్ వాడి చెయ్యి పట్టుకుని, "కొట్టకురా, పాఠం నడిచొచ్చింది" అన్నారు.

బారుకు అడ్డంగా తెల్లకాగితం పరిచారు. చీమలు మొదట చెదిరిపోయాయి, తర్వాత ఒక్కొక్కటిగా కాగితం ఎక్కాయి. గీత గీసినట్టు బారు కుదిరేదాకా మనం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. అప్పుడు సార్ కాగితాన్ని మెల్లగా పక్కకు తిప్పారు. చీమలు పాత దారినే పట్టుకుని కాగితం అంచు దాకా వెళ్ళి అక్కడ తడుముకోసాగాయి. బెల్లం జానెడు దూరంలోనే ఉంది. లెక్కల సార్ తన పీరియడ్ కోసం వచ్చి, తనూ వంగి చూస్తూ ఉండిపోయారు.

దారి కాగితానికి అంటుకుందని సార్ చెప్పారు. తిండి దొరికిన చీమ తిరిగొస్తూ పొట్ట చివరను నేలకు తాకిస్తుంది. ఖాళీగా వచ్చినది తాకించదు. హార్వర్డ్‌లో విల్సన్ అనే ఆయన అగ్నిచీమ పొట్టలో ఈ దారి వాసన పుట్టే డూఫూర్ గ్రంథిని నలిపి గీత గీస్తే, చీమలు ఆ గీత వెంటే బయల్దేరాయట. ఒక్క చీమ వేసిన గీత రెండు నిమిషాల్లోపే ఆవిరైపోతుందట.

"ఆవిరి కాకపోతే ఏమైతది సార్?" అని మొదటి బెంచీ కళ్ళజోడు అడిగింది.

"అయిపోయిన బెల్లం కోసం పుట్టంతా నడుస్తనే ఉంటది బిడ్డా."

ఇంత మంచి జవాబు నేను తర్వాత ఏ సెమినార్‌లోనూ వినలేదు.

చచ్చిన చీమ సంగతీ ఆ రోజే. చీమ శవం మీద పుట్టే ఓలియిక్ ఆమ్లాన్ని బతికున్న చీమకు పూస్తే, కాళ్ళాడిస్తున్నా సరే తోటి చీమలు మోసుకెళ్ళి చెత్తకుప్పలో వేస్తాయి. ఒళ్ళు శుభ్రం చేసుకున్నాకే మళ్ళీ తమలో కలుపుకుంటాయి. ఆ వారమంతా మనం ఒకర్నొకరం మోసుకెళ్ళి వేపచెట్టు కింద పడేశాం.

ఇలా ఒక జీవి తన జాతివాటికి కబురు పంపే రసాయనానికి ఫెరోమోన్ అనే మాట 1959లో పుట్టిందని ఎమ్మెస్సీలో చదివాను. సార్ ఆ మాట వాడలేదు, 'చీమరాత' అన్నారు. ఆకులు కోసే చీమల దారి రసాయనమేమిటో 1971లో తేల్చారు. గ్రాములో మూడువేలవ వంతు ఉంటే చాలు, భూమి చుట్టూ గీత గీసి చీమల్ని నడిపించవచ్చని లెక్క కట్టారు. ఆ లెక్క చదివిన రాత్రే, చేస్తే ఈ రసాయన శాస్త్రమే చెయ్యాలనుకున్నాను. చేశాను.

ఇప్పుడు పత్తి చేలలో లింగాకర్షక బుట్టలకు, అంటే ఆడపురుగు వాసనతో మగపురుగుల్ని పట్టే బుట్టలకు, ఎరలు తయారుచేస్తున్నాను. పత్తికాయ తొలిచే గులాబీరంగు పురుగుకు రెండు రసాయనాలు సగం సగం కలపాలి. ఆడపురుగు వదిలే వాసన అదే. పాళ్ళు తప్పితే ఎర పనిచెయ్యదు. బుట్టలో పడిన మగపురుగుల్ని లెక్కపెట్టుకుని రైతు మందు కొట్టాలా వద్దా అని తేల్చుకుంటాడు. ఒక డబ్బా మందు మిగిలిందని ఎవరైనా ఫోన్ చేస్తే, ఆ రోజు నాకు పండగే.

పోయిన సంక్రాంతికి రాంనగర్‌లో సార్ ఇంటికి వెళ్ళి, నా ఎర ఒకటి చేతిలో పెట్టాను. చిన్న రబ్బరు బిళ్ళ. ముక్కు దగ్గర పెట్టుకుని, "నాకేం తెలుస్తలేదురా" అన్నారు.

"మీ కోసం కాదు సార్, పురుగు కోసం."

చాలాసేపు ఆ బిళ్ళను అరచేతిలో తిప్పుతూ కూర్చున్నారు. వంటింట్లో పంచదార డబ్బా చుట్టూ చీమలు చేరాయని అమ్మగారు పసుపు తీసుకుని చల్లబోతున్నారు. సార్ చెయ్యెత్తి, "ఆగవే, వీడొచ్చిండు కదా" అన్నారు. నేను బ్యాగులోంచి తెల్లకాగితం తీశాను.