సీ హారియర్ కెనోపీ: తాత్కాలికంగా అంటించి రంగు వేసిన వైనం

1:72 స్కేలులో (అసలు విమానంలో 72వ వంతు కొలతతో) కడుతున్న భారత నౌకాదళ సీ హారియర్ యుద్ధవిమానం ప్లాస్టిక్ నమూనా రంగుల దశ దాటింది. అతుకులను సాండ్‌పేపర్‌తో నున్నగా చేయడం, చెరిగిన పానెల్ గీతలను మళ్లీ గీయడం మామూలు పనులే కనుక వాటిని వదిలి, కెనోపీ (పైలట్ కూర్చునే కాక్‌పిట్ మీది పారదర్శక మూత) సంగతినే వివరంగా రాస్తున్నాను. పూర్తయిన నమూనాలో కెనోపీ వెనక్కి జరిగి తెరుచుకుని ఉండాలి; లేకపోతే ఎజెక్షన్ సీటుకూ (ప్రమాదంలో పైలట్‌తో సహా బయటికి దూసుకుపోయే సీటు) బెల్టులకూ పడిన శ్రమ ఎవరికీ కనిపించదు. అంటే రంగు వేసేంతవరకూ అది మూసి ఉండాలి, ఆ తరువాత చెక్కుచెదరకుండా ఊడిరావాలి.

విడిగా రంగు వేసి చివర్లో పెట్టుకోవచ్చు కదా అనిపించవచ్చు. కానీ ఎయిర్‌బ్రష్ దూరంలోనో రంగు పలుచదనంలోనో కాస్త తేడా వచ్చినా, చట్రం మీది బూడిద రంగు పక్కనున్న ఫ్యూసిలేజ్ (విమానం మొండెం) రంగుతో కలవదు. పైగా కాక్‌పిట్‌లోకి రంగు పోకుండా ఆపడానికి మూసిన కెనోపీని మించిన మూత లేదు. ముందున్న విండ్‌షీల్డ్ అసలు విమానంలోనూ కదలదు కనుక దానిని శాశ్వతంగానే అంటించి, అతుకులో ఫెవికాల్ నింపి, పైకి వచ్చినదాన్ని తడి దూదిపుల్లతో తుడిచేశాను.

కెనోపీకి ఏ జిగురు వాడాలన్నది దానిని తిరిగి ఎలా ఊడదీస్తామన్న దానిని బట్టే నిర్ణయించుకోవాలి. ప్లాస్టిక్‌ను కరిగించి అతికే సిమెంటు ఇక్కడ పనికిరాదు. క్షణాల్లో పట్టేసే సయనోఅక్రిలేట్ జిగురు మరీ ప్రమాదకరం, ఎందుకంటే దాని ఆవిరి మూసిన కెనోపీ లోపలి వైపున తెల్లని పొరలా పేరుకుంటుంది. పోస్టర్లు అంటించే బంకముద్ద సులభంగానే ఊడుతుంది కానీ, ఎంత సన్నగా నలిపినా కెనోపీని కొద్దిగా పైకెత్తుతుంది. అర మిల్లీమీటరు సందు ఈ స్కేలులో అసలు విమానం మీద 36 మిల్లీమీటర్లతో సమానం. అందుకే ఆరాక కూడా నీటికి మెత్తబడే ఫెవికాల్‌నే ఎంచుకున్నాను.

అంటించే ముందు కాక్‌పిట్‌లో మెత్తని ప్యాకింగ్ స్పాంజి ముక్కను సీటుకు ఒత్తిడి తగలకుండా అమర్చాను. తరువాత టూత్‌పిక్ మొనతో కెనోపీ నాలుగు మూలల్లో ఆవగింజలో సగమంత చుక్కలు మాత్రమే పెట్టాను. అంచు పొడవునా జిగురు పూస్తే నీరు లోపలికి చేరడానికి దారి ఉండదు, అప్పుడు బలవంతంగా లాగవలసి వస్తుంది. కిట్‌లోని పారదర్శక ప్లాస్టిక్ మిగతా భాగాలకన్నా పెళుసు కనుక ఆ లాగుడుకు సులువుగా చిట్లుతుంది. విశాఖ సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, అందులోనూ మా ఇల్లు లాసన్స్ బే వైపు ఉంది కనుక జిగురును రాత్రంతా ఆరనిచ్చాను. ఉక్కపోత రోజుల్లో లాకర్ (త్వరగా ఆరే ద్రావకంతో చేసిన) రంగు స్ప్రే చేస్తే పూత తెల్లబారే అవకాశం ఉంది. ఏసీ కొంతసేపు నడిచిన గదిలో, అక్రిలిక్ రంగులతో పని చేయడం నాకు నిశ్చింతగా ఉంటుంది.

మాస్కింగ్ టేపును గాజుపలక మీద ఒక మిల్లీమీటరు పట్టీలుగా కోసి, ముందు చట్రం అంచుల వెంబడి అతికించి, ఆ తరువాతే మధ్య భాగాన్ని పెద్ద ముక్కలతో కప్పాను. ఉబ్బెత్తుగా ఉండే ఈ కెనోపీ మీద వెడల్పు పట్టీ ముడతలు పడుతుంది, సన్నని పట్టీ వంపుతో పాటు ఒదిగి సాగుతుంది. అద్దమూ చట్రమూ కలిసే చోటు నిజంగా ఎలా ఉంటుందో చూడాలనుకునే మన ఊరివారికి బీచ్ రోడ్డులోని టీయూ-142 (నౌకాదళ నిఘా విమానం) మ్యూజియం ఉంది. విమానం వేరే అయినా చూపు పదునెక్కుతుంది.

చట్రానికి తొలి పూత నలుపు. లోపలి నుంచి చూసినప్పుడు కనిపించేది ఆ పూతే కనుక ఈ క్రమాన్ని తప్పించకూడదు. ఆ తరువాత విమానం కింది వైపు తెలుపు, పై వైపు ఎక్స్‌ట్రా డార్క్ సీ గ్రే (ముదురు బూడిద రంగు) వేశాను. 1983లో వచ్చిన మన తొలి సీ హారియర్లకు ఉన్న రంగులివి. 2016లో విరమించిన నాటి రూపం వేరు.

రంగు ఆరాక సందు వెంబడి కొత్త బ్లేడుతో తేలికగా గీశాను. ఈ గీత లేకపోతే పూత పెచ్చులుగా చిరిగి కెనోపీతో పాటు లేస్తుంది. సన్నని కుంచెతో నాలుగు మూలలకూ నీరు అందించి, జిగురు తెల్లబడి మెత్తబడేదాకా ఆగి, వెనుక వైపు నుంచి టూత్‌పిక్‌తో ఎత్తగానే అది వచ్చేసింది. ఇనుప ట్వీజర్లను దాని దగ్గరికి రానివ్వలేదు. మిగిలిన జిగురు తడి దూదిపుల్లకే పోయింది, అంచున అక్కడక్కడ రంగు సరిదిద్దితే చాలు.

సీటు బయటికి దూసుకుపోయే ముందు కెనోపీని పగలగొట్టే పేలుడు తాడు గీతలను ఇక లేత బూడిద రంగుతో దిద్దాలి. డెకాల్స్ (నమూనాపై అంటించే గుర్తులు), చివరి వార్నిష్ అయ్యాక కెనోపీని వెనక్కి జరిపి, మళ్లీ రెండు చుక్కల ఫెవికాల్‌తోనే నిలబెడతాను.