శంఖుపూల తీగ గోడకెక్కిన తీరు

చెన్నైలో, పశ్చిమ మాంబళంలోని మా ఇంటి ముందుగదిలో 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు ఉన్న గోడ ఒకటి ఉంది. దానికి బజారులో దొరికే వాల్‌పేపర్ కాక, నా చేతులతో అద్దిన కాగితమే అతికించాలని నిశ్చయించుకుని, మా కంచె మీద పాకే శంఖుపూల తీగను బొమ్మగా ఎంచుకున్నాను. బొమ్మ గీయడం నాలుగు రోజుల పని. ఆ తీగ ఒక అద్దకం అంచు దగ్గర తెగి, పక్క అద్దకంలో మళ్లీ ఎక్కడ అందుకోవాలో తేల్చడానికి మాత్రం ఆరు వారాలు పట్టింది.

అద్దే చెక్క అచ్చు కొలత 10.5 అంగుళాల చదరం. బొమ్మను నాలుగు ముక్కలుగా కోసి, మూలలు మధ్యకు వచ్చేలా ముక్కలను మార్చి పేర్చి, నడుమ మిగిలిన ఖాళీని ఆకులతో, నులితీగలతో నింపి, అంచులు కలిశాయన్న సంతోషంతో పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే ఒక పెద్దాయనకు పంపించాను. ఆయన చెక్కడం మొదలుపెట్టకుండా ఫోన్ చేశారు. “అమ్మా, పూలన్నీ బారు తీరి నిలబడ్డాయి. చెక్కాక మార్చలేం. జెరాక్సులు తీసి గోడకంటించి ఒకసారి చూసుకోండి” అన్నారు. అలాగే చేసి చూస్తే, విడిగా ఎంతో బాగున్న పువ్వు గోడ మీద అడ్డగీతలుగా మారిపోయింది. అప్పుడు రెండో నిలువు వరుసను సగం, అంటే 5.25 అంగుళాలు, కిందికి దించి, పక్క అంచులను మొదటి నుంచి గీశాను. 21 అంగుళాల వెడల్పున్న కాగితపు పట్టీలో సరిగ్గా రెండు నిలువు వరుసలు పడతాయి కాబట్టి, పక్క పట్టీ మళ్లీ మొదటి ఎత్తు నుంచే మొదలవుతుంది. అతికించే రోజున ఈ లెక్క నన్ను ఎంతో కాపాడింది.

అచ్చులు నేనే చెక్కుకోవాలన్న కోరిక మొదట్లో ఉండేది. గోడకాగితాల బొమ్మలకు పేరుపడ్డ ఆంగ్ల కళాకారుడు విలియం మోరిస్ అంతటివాడు కూడా జింకు పలకలతో, నూనె రంగులతో స్వయంగా ప్రయత్నించి విరమించుకుని, 1864లో తన గోడకాగితాల ముద్రణను ఆ పని తెలిసిన జెఫ్రీ కంపెనీకి అప్పగించాడని చదివాక ఆ పట్టు వదిలేశాను. రంగుకొకటి చొప్పున మూడు టేకు అచ్చులు వచ్చాయి.

కాగితం పుదుచ్చేరి నుంచి తెచ్చుకున్నాను; అక్కడ అరవిందాశ్రమంలో 1959 నుంచి చేతికాగితం చేస్తున్నారు. తావు పొడవు 30 అంగుళాలే కనుక, పట్టీకి నాలుగు తావులు అతకాలి. పొడవాటి కాగితం తీసే యంత్రాలు రాకముందు యూరప్‌లోనూ ఇలాగే అతికేవారు. అతుకు మందంగా ఉంటే దాని పక్కన అచ్చు ఆనక తెల్లచార మిగులుతుంది. అందువల్ల అంచులను కత్తిరించకుండా, తడిపి, పల్చబడేలా చింపి అతికాను.

బట్టకు వాడే పల్చని రంగు కాగితం మీద పాకిపోతుంది. సుద్దపొడి, రంగుపొడి, జిగురు కలిపిన చిక్కని రంగు కావాలి. సముద్రపు గాలికి బూజు పట్టకుండా జిగురు బదులు యాక్రిలిక్ బైండర్ కలిపాను. బట్ట మీద ముందు రేఖ అద్ది తర్వాత రంగు నింపుతారు. నేను ముందు ఆకుపచ్చ, తర్వాత నీలం, చివర ముదురు రేఖ అద్దాను, ఎందుకంటే ఈ చిక్కని రంగు కింది గీతను కప్పేస్తుంది.

నన్ను నిజంగా ఏడిపించింది గాలిలోని తేమ. మొదటి పట్టీ మీద ఒక సాయంత్రం ఆకులు అద్ది, మర్నాడు ఏసీ గదిలో పూలు అద్దితే, పైన సరిపోయిన పువ్వు కిందికి వచ్చేసరికి తొడిమకు ఎడంగా పడింది. రాత్రి సాగిన కాగితం చల్లగాలికి ముడుచుకుపోయింది. ఆ పట్టీని పక్కన పెట్టి, అప్పటి నుంచి ఒక పట్టీకి మూడు రంగులూ ఒకే గదిలో, ఒకే పూట, ఏసీ కట్టేసి ముగించాను. ఒక్కో పట్టీకి 66 అద్దకాలు. ఆరు పట్టీలకు 400కు దగ్గర.

అతికించేటప్పుడు మైదా బదులు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ జిగురు రాసి, పట్టీని మడిచి పది నిమిషాలు ఉంచి, అది సాగవలసినంతా సాగాకే గోడకెత్తాము. పట్టీ నిటారుగా దిగుతోందో లేదో చూసేందుకు మా అత్తయ్య కింద నిలబడి తూకపు దారం పట్టుకున్నారు. తొడిమ తప్పిన పట్టీని చుట్టి అటక మీద పెట్టాను. వానాకాలంలో గోడకు ఎక్కడైనా చెమ్మ దిగితే, ఆ పట్టీ పైభాగం నుంచి ముక్క కోసి వేయవచ్చు.