క్రేన్ క్యాబిన్‌లోని తాళంచెవి

మా సైట్‌ను చూడడానికి ఎవరు వచ్చినా, ముందు ఆఫీసు గదిలోని పెద్ద తెర దగ్గరికే తీసుకువెళ్తారు. కోకాపేటలో మేము కడుతున్న మూడు టవర్లు, సెల్లార్ ర్యాంపు, స్టీలు యార్డు అన్నీ అందులో కనిపిస్తాయి. హెల్మెట్ లేనివారి చుట్టూ ఎర్ర గీత గీసే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. (తలకు తెల్ల తువాలు చుట్టుకున్న మేస్త్రీని అది చాలా రోజులు హెల్మెట్ ఉన్నవాడిగానే లెక్కవేసింది.) పదకొండేళ్లుగా సేఫ్టీ విభాగంలో ఉన్న నన్ను అడిగితే, వచ్చినవారిని ముందు సెల్లార్‌లోని కరెంటు బోర్డు దగ్గరికి తీసుకువెళ్లమంటాను.

ఆ బోర్డులో ఆర్‌సీసీబీ అనే తెల్లటి చిన్న డబ్బా ఉంటుంది. అందరికీ తెలిసిన ఎంసీబీ వైరు కాలిపోకుండా చూస్తుంది గాని మనిషిని కాపాడలేదు. అది 16 ఆంపియర్లో 32 ఆంపియర్లో దాటితే గాని పడదు (అంటే కరెంటు ఆపదు), మనిషి గుండె ఆగడానికి ఒక ఆంపియరులో పదో వంతు కూడా అక్కర్లేదు. ఆర్‌సీసీబీ మాత్రం వెళ్లిన కరెంటంతా తిరిగి వస్తోందా లేదా అన్నదే చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే, అది ఎవరి ఒంటిగుండానో నేలలోకి దిగుతున్నట్టే లెక్కగట్టి, 0.3 సెకన్లలోపు సరఫరా ఆపేస్తుంది.

నిరుడు జూలై వానలకు సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. పంపు కేబుల్ అతుకు ఒకటి నీళ్లలో మునిగిన సంగతి ఎవరూ చూసుకోలేదు. పంపు జరపడానికి దిగిన ఒడిశా కుర్రాడికి కాలు జిల్లుమంది, ఆ క్షణమే లైట్లన్నీ ఆరిపోయాయి. "బత్తీ చలీ గయీ సాబ్" అని విసుక్కుంటూ అతను పైకి వచ్చాడు. తనకు ఎంత ప్రమాదం తప్పిపోయిందో అతనికి చెప్పడానికి నాకు ఆ పూట నోరు రాలేదు. అప్పటినుంచి ప్రతి సోమవారం పొద్దున ఆ డబ్బా మీది టెస్ట్ బటన్ నొక్కి అది పడుతోందో లేదో చూస్తున్నాం. ఆ రెండు నిమిషాల కరెంటు కోతకు సబ్ కాంట్రాక్టర్లందరూ నన్ను తిట్టుకుంటారు.

హాజరు విషయానికి వస్తే, సిమెంటు పనిచేసేవారి వేలిముద్రలు అరిగిపోయి పాత మిషన్ వారిని గుర్తుపట్టేది కాదు కనుక, ముఖం చూసి గేటు తెరిచే మిషన్ పెట్టాం. రాగి కేబుల్ దొంగతనాలు తగ్గాయని యాజమాన్యానికి సంతోషం; లోపల ఎవరెవరు ఉన్నారో ఏ క్షణానికైనా పేర్లతో తెలుస్తుందని నాకు సంతోషం.

అసలు కథ క్రేన్‌లో ఉంది. మా టవర్ క్రేన్ జిబ్, అంటే పైన అడ్డంగా చాచిన చేయి, 60 మీటర్లు. మాస్టు (నిలువు స్తంభం) దగ్గర 8 టన్నులు ఎత్తగలిగే ఆ యంత్రం జిబ్ కొసన టన్నున్నర మాత్రమే ఎత్తగలదు. బరువును, అది మాస్టుకు ఎంత దూరంలో ఉందో దాన్ని కలిపి లెక్కగట్టి, హద్దు దాటబోతుంటే కొక్కేన్ని జిబ్ వెంట నడిపే ట్రాలీని ముందుకు పోనివ్వని పరికరం ఉంటుంది. సైట్‌లోని మూడు క్రేన్లు ఒకదానికొకటి తగలకుండా, బరువుతో పక్క రోడ్డు మీదికి తిరగకుండా ఆపే ఏర్పాటు వేరే ఉంది. (రాత్రిపూట క్రేన్ గాలికి తనంతట తానే తిరుగుతోందని చుట్టుపక్కల అపార్టుమెంట్లవాళ్లు ఫోన్లు చేస్తుంటారు, పని లేనప్పుడు గాలివాటుకు తిరగనివ్వడమే క్షేమం, బ్రేకు బిగించి ఉంచితేనే భయపడాలి.)

అయితే రిపేరు కోసమని ఈ పరికరాలన్నింటినీ పక్కన పెట్టే తాళంచెవి ఒకటి ఉంటుంది. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక సైట్‌లో అది ఎప్పుడూ ఆపరేటర్ జేబులోనే ఉండేది, క్రేన్ ఆగినప్పుడల్లా తిరిగేది. ఆ సంగతి తెలియని అధికారి అక్కడ ఒక్కరూ లేరు. పని ఆపే ఏ పరికరానికైనా సైట్‌లో శత్రువులు పుట్టుకొస్తారు. అందుకే నా దృష్టిలో ఈ మధ్య వచ్చిన మంచి మార్పు డేటా లాగర్: చెవి ఎప్పుడు తిరిగిందో, ఎంతసేపు తిరిగి ఉందో, అప్పుడు కొక్కేనికి ఎంత బరువు వేలాడుతోందో అది రాసిపెట్టుకుంటుంది.

పోయిన నెల ఆ లాగర్ చిట్టాలో ఒక వరుస కనిపించింది: రాత్రి 11:40, ఆరు నిమిషాలు. ఆపరేటర్‌ను కూర్చోబెట్టి టీ ఇప్పించి అడిగాను. మూల స్తంభానికి కాంక్రీటు పోస్తున్నారట, కాంక్రీటు తెచ్చే ట్రాన్సిట్ మిక్సర్ లారీలు రోడ్డు మీద బారులు తీరాయట, ఇంజనీరు వాకీటాకీలో తొందరపెట్టాడట. వాడినది ఘనమీటరు బకెట్. ఘనమీటరు కాంక్రీటే దాదాపు 2.4 టన్నులు, బకెట్ బరువు అదనం. 55 మీటర్ల దూరంలో అది క్రేన్ మోయవలసిన బరువు కానే కాదు. ఆపరేటర్‌ను పంపించేయమని మీటింగులో కొందరన్నారు, నేను ఒప్పుకోలేదు. తాళంచెవి ఇప్పుడు సీలు వేసిన కవరులో నా బీరువాలో ఉంది. దూరపు స్తంభాలకు అర ఘనమీటరు బకెట్ తెప్పించాం. పోతకు గంటన్నర ఎక్కువ పడుతోంది, ఆ గంటన్నరను ప్లానింగ్ విభాగం షెడ్యూలులో కలిపింది.