దండెం మీద పొత్తిగుడ్డలు

21వ రోజున మా పాపని ఉయ్యాల్లో వేశారు. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి పాటలు పాడుతుంటే, నేను కొత్త చీర కట్టుకుని గది మూల కూర్చుని ఏడుస్తున్నాను. "ఏటే అది? పచ్చి బాలింతవి, కళ్లంట నీళ్లెట్టుకోకే" అంది అమ్మ. ఎందుకేడుస్తున్నానో నాకే తెలీదు.

కాన్పయిన వారం పది రోజులు చాలామందికి ఏడుపొస్తుందట, దానంతటదే పోతుందట. నాకు పోలేదు. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టేది కాదు. పొద్దున్నే మా వీధి మామ్మ పీట మీద కాళ్లు చాపుకుని, పాపని బోర్లా వేసుకుని, నూనె రాసి నీళ్లు పోసేది. పాప కెవ్వుమనేది. గుమ్మంలో నిలబడ్డ నాకు అది పక్కింటి పిల్ల ఏడుపులా వినిపించేది. కడుపున పుట్టిన పిల్ల మీద ప్రేమ రావడం లేదని ఎవరితో చెప్పుకోను? నేను లేకపోతేనే దానికి మేలనిపించేది. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. అమ్మని తప్పుపట్టను, అమ్మ భయం అమ్మది.

కాన్పయ్యాక 42 రోజుల్లోపు ఆశ కార్యకర్త 6 సార్లు ఇంటికొస్తుంది. ఆఖరిసారి వచ్చినప్పుడు పాపని తూచి, సంచీ సర్దుకుని లేవబోతూ "నీకెలాగుందమ్మా? నిద్ర పడుతోందా?" అంది. అన్నాళ్లలో నా గురించి అడిగింది ఆమె ఒక్కతే. అంతా చెప్పేశాను. ఆ రాత్రే మా ఆయన విశాఖ నుంచి వచ్చి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగారు. మర్నాడు శ్రీకాకుళంలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాం.

10 ప్రశ్నల కాగితమిచ్చారు. ఎడిన్‌బరో స్కేలంటారు, బాలింతల దిగులుని కనిపెట్టడానికి 1987లో తయారైంది. నన్ను నేను ఏమైనా చేసుకోవాలనిపించిందా అన్నది పదో ప్రశ్న. పెన్ను ఆగిపోయింది. కాసేపటికి ఉన్నదే టిక్కు పెట్టాను. "ఇది జబ్బమ్మా, తగ్గుతుంది" అన్నారు డాక్టరు. దిగులు తగ్గడానికి సెర్ట్రలిన్ అనే మందు రాశారు. పాలలోకి చాలా తక్కువే వెళ్తుంది, పాలు మానొద్దన్నారు. గుణం కనపడ్డానికి కొన్ని వారాలు పడుతుంది, సొంతంగా ఆపేయొద్దన్నారు.

వారానికోసారి కౌన్సెలింగ్. మేడం నా నోటుబుక్కులో నిలువుగా గీత గీయించారు. ఒక పక్క మనసులోకొచ్చిన మాట, రెండో పక్క ఆ రోజు నిజంగా జరిగింది. "నా పాలు చాలవు, పనికిరాని తల్లిని" అని రాసుకెళ్లాను. "రోజుకి ఎన్ని గుడ్డలు తడుపుతోంది?" అన్నారు. 6 తడిపి, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టేనట. లెక్కపెట్టాను. దండెం మీద ఏడు. మర్నాడు ఎనిమిది. ఆ పొత్తిగుడ్డల కింద చాలాసేపు నిలబడ్డాను. అవి నా పాలే.

రాత్రి పది నుంచి రెండు దాకా పాప అమ్మ దగ్గరే. పిండి ఉంచిన పాలు అమ్మ చెంచాతో పట్టేది. ఆ నాలుగు గంటల నిద్ర నాకు మందుతో సమానం. ఒక రాత్రి మళ్లీ ఆ ఆలోచనే వస్తే 14416కి ఫోన్ చేశాను. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ అది, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. మీ ఇంట్లో బాలింతుంటే పాపతో పాటు ఆమెనీ అడగండి, ఆ నంబరూ రాసివ్వండి.

నాలుగో నెలలో ఒక రోజు మామ్మ రాలేదు. నేనే పీట వేసుకుని కాళ్లు చాపాను. సున్నిపిండి కంట్లో పడకుండా చెయ్యి అడ్డం పెట్టాను. పాప ఏడుస్తుంటే "అయిపోయింది తల్లీ, అయిపోయింది" అంటున్నాను. మందు ఇంకా వాడుతున్నాను.