ఘాట్‌లో ప్రొపెల్లర్ షాఫ్ట్ తెగితే

ఫోర్ బై ఫోర్ బండి (నాలుగు చక్రాలకీ శక్తి పంపగలది) కింద ఢమ్మని ఒక మోత, ఆ వెంటనే ఇనుము ఇనుముని బాదుతున్న చప్పుడు. ఆక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ గోల పెడుతుంది తప్ప బండి కదలదు. ఇలా జరిగిందంటే దాదాపుగా ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే ఇంజన్ శక్తిని చక్రాల ఇరుసుకి చేర్చే పొడవాటి గొట్టం, పోయినట్టే. వెంటనే క్లచ్ తొక్కి, బ్రేకు మీద ఆపేయండి. మంచి చోటు కనిపించేదాకా దొర్లిద్దాం అనుకోవద్దు. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు, డిఫరెన్షియల్ నిష్పత్తి 4:1 (షాఫ్ట్ నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు) అనుకుంటే, గంటకి 60 కి.మీ. దగ్గర షాఫ్ట్ నిమిషానికి సుమారు 1,800 చుట్లు తిరుగుతుంది. ఒక కొస ఊడిన షాఫ్ట్ ఆ వేగంతో కొట్టుకుంటే బ్రేకు పైపు, డీజిల్ పైపు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, ఏది తగిలితే అది పోతుంది. ముందు కొస ఊడి కిందికి వేలాడితే ఇంకా ప్రమాదం. అది గతుకులో గుచ్చుకుంటే బండి వెనక భాగాన్ని పైకి ఎత్తేయగలదు.

కిందికి దూరే ముందు చక్రాలకి రాళ్లు పెట్టాలి. దీంట్లో మాత్రం మొహమాటం లేదు, రాళ్లు లేకుండా బండి కింద తల పెట్టొద్దు. గేరులో ఉంది కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. మాన్యువల్‌లో గేరైనా, ఆటోమేటిక్‌లో పార్కింగ్ పొజిషనైనా చక్రాన్ని ఆపేది షాఫ్ట్ ద్వారానే. షాఫ్ట్ తెగిందంటే ఆ పట్టు పోయింది. విల్లీస్ కాలం జీపుల్లో, పాత ల్యాండ్ రోవర్లలో హ్యాండ్‌బ్రేక్ డ్రమ్ము కూడా ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్స్ శక్తిని ముందు, వెనక షాఫ్టులకి పంచే పెట్టె) వెనకే ఉంటుంది కాబట్టి, వెనక షాఫ్ట్ తెగితే హ్యాండ్‌బ్రేక్ లాగినా వెనక చక్రాలు ఆగవు. చక్రాలకి పల్లం వైపు పెద్ద రాళ్లు ఆనించండి. ముందు షాఫ్ట్ బాగుంటే ఫోర్ హై (నాలుగు చక్రాలకీ మామూలు వేగంలో డ్రైవ్) వేసి ఫస్ట్ గేరులో ఉంచండి, అప్పుడు ముందు చక్రాలైనా పట్టుకుంటాయి. సైలెన్సర్ చల్లారేదాకా ఓ పావుగంట ఆగడం కూడా మంచిది.

తర్వాత ఏది విరిగిందో తేల్చుకోవాలి. పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌లో (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకీ డ్రైవ్ వేసుకునే బండి) ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ఒక షాఫ్ట్ వెనక హౌసింగ్‌కి (చక్రాల మధ్య ఇరుసు, గేర్లు ఉండే ఇనుప గూడు), ఒకటి ముందు హౌసింగ్‌కి వెళ్తాయి. మారుతీ జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్‌కి అతికి ఉండదు, విడిగా ఉంటుంది. ఆ రెంటినీ కలుపుతూ మూడో షాఫ్ట్ ఒకటి, పొట్టిది, ఉంటుంది. అది తెగితే రెండు హౌసింగులకీ డ్రైవ్ పోతుంది, ఇంజన్ బ్రేకింగ్ కూడా ఉండదు. అక్కడికక్కడ క్రాస్ (షాఫ్ట్ కొసన కీలులా వంగనిచ్చే ప్లస్ ఆకారపు ముక్క) మార్చుకోగలిగితే సరే, లేకపోతే తాడు కట్టి లాగించుకోవడమే. షాఫ్టులన్నీ చెక్కుచెదరకుండా కనిపిస్తే, సాయం ఉన్నవాళ్లని పక్కకి దూరంగా నిలబడి వంగి చూడమనండి. ఫస్ట్ గేరులో క్లచ్ కొద్దిగా వదిలినప్పుడు షాఫ్ట్ తిరుగుతూ చక్రం తిరగకపోతే లోపం హౌసింగ్ లోపల, యాక్సిల్‌లోనో క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం) లోనో ఉంది. దానికి వైద్యం వేరు.

ఎక్కువగా తెగేది వెనక షాఫ్టే. తెగినదాన్ని తీగతో ఛాసిస్‌కి కట్టేసి నడిపేద్దాం అంటారు చాలామంది. అది నాకు అస్సలు నచ్చని పద్ధతి. ఫోర్ హైలో ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఫ్లాంజ్ (షాఫ్ట్‌ని బోల్టులతో బిగించే పళ్లెం) ముందుదానితో పాటు తిరుగుతూనే ఉంటుంది. అటు హౌసింగ్ వైపు ఫ్లాంజ్‌ని చక్రాలు తిప్పుతుంటాయి. అంటే మిగిలిన ముక్క ఏ వైపుది అయినా తిరిగేదే. కట్టిన తీగని రెండు కిలోమీటర్లలో తెంపుకుంటుంది. రెండు కొసలూ విప్పి షాఫ్ట్ మొత్తాన్ని తీసి డిక్కీలో పడేయండి.

విప్పే ముందు రెండు ఫ్లాంజ్‌ల మీద ఉలితో ఎదురెదురుగా గీత పెట్టండి, తిరిగి బిగించేటప్పుడు అదే జత కుదరాలి. చాలా బళ్లలో కొసకి నాలుగు బోల్టులు ఉంటాయి. పాత జీపుల్లో క్రాస్ కప్పుల్ని యోక్‌కి (క్రాస్‌ని పట్టుకునే రెండు చెవుల ముక్క) యూ బోల్టులు పట్టి ఉంచుతాయి. బోల్టు వదలకపోతే డీజిలో తుప్పు వదిలించే నూనో పోసి పది నిమిషాలు ఆగండి. రింగు పానాతోనే తిప్పండి, ఓపెన్ పానా పెడితే మూలలు అరిగిపోతాయి. పానాతో పాటు షాఫ్ట్ తిరిగిపోతుంటే క్రాస్ మధ్యలో పొడవాటి స్క్రూడ్రైవర్ దూర్చి ఆపవచ్చు. పై బోల్టు అందడానికి షాఫ్ట్‌ని తిప్పాలంటే వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపాలి. ఆ సమయంలో మిగతా చక్రాలకి రాళ్లు ఉన్నాయో లేదో మళ్లీ చూసుకోండి.

ఇక్కడ చిక్కు ఒకటుంది. కొన్ని బళ్లలో ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర ఫ్లాంజ్ ఉండదు, స్లిప్ యోక్ (లోపలికీ బయటికీ జారే యోక్) నేరుగా కేసు తోకలోకి దూరి ఉంటుంది. దాన్ని లాగేస్తే ఆ రంధ్రంలోంచి ఆయిల్ కారిపోతుంది. వదిలేస్తే పట్టేదేదీ లేక దారిలో అదే జారి పడిపోతుంది. కాబట్టి తీసేసి, లోపల తిరిగే స్ప్లైన్‌కి (పళ్లు కోసిన కడ్డీకి) తగలకుండా బయట తోక మీద మూత వేయాలి. సరిపడే డబ్బా అడుగు భాగాన్ని మూతలా కోసి తీసుకుని, కింద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, పైన హోస్ క్లిప్ బిగిస్తే ఊరు చేరేదాకా ఆగుతుంది. ఓ పది కిలోమీటర్లకొకసారి ఆపి కారుతోందేమో చూసుకోండి. చేరగానే ఆయిల్ లెవెల్ చూసి, తగ్గినంత పోయండి.

బయలుదేరే ముందు బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోండి. మెల్లగా కిందికి దిగుతుంటే పైపు ఎక్కడో దెబ్బతింది, ఘాట్ దిగే ఆలోచన మానుకోండి.

ఇప్పుడు ఫోర్ హై వేసి ముందు చక్రాల మీద నడపవచ్చు. జిప్సీలాగా ఫ్రీ వీల్ హబ్బులు (ముందు చక్రాల్ని ఇరుసు నుంచి విడదీసే, కలిపే హబ్బులు) ఉన్న బండి అయితే అవి లాక్ అయి ఉండాలి. తారు రోడ్డు మీద ఫోర్ హై వేయకూడదు కదా అని భయపడనక్కర్లేదు. ముందు, వెనక చక్రాలు మలుపులో వేర్వేరు దూరాలు తిరిగి షాఫ్టుల మధ్య బిగుసుకోవడం వల్లే ఆ నియమం వచ్చింది. ఒక షాఫ్ట్ లేనప్పుడు బిగుసుకోవడానికి రెండో వైపే లేదు. ఎటొచ్చీ ముందు యాక్సిల్ బండి బరువంతా ఒంటరిగా లాగడానికి చేసింది కాదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు ఆక్సిలరేటర్ తొక్కితే సీవీ జాయింట్ (మలుపులోనూ ముందు చక్రానికి శక్తి అందించే కీలు) పగలవచ్చు. 40 కి.మీ. దాటకుండా, క్లచ్ మెత్తగా వదులుతూ వెళ్లండి. లో రేంజ్‌లో (ట్రాన్స్‌ఫర్ కేసులోని నెమ్మది గేరు) షాఫ్ట్‌కి చేరే టార్క్, అంటే తిప్పే బలం, చాలా బళ్లలో సుమారు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్లు ఉంటుంది, కాబట్టి తప్పనిసరైతేనే వాడండి. నిటారు ఎక్కుడు దగ్గర బరువు వెనక్కి పోయి ముందు చక్రాలు జారుతుంటే, ఒక మనిషిని దారి చూపమని చెప్పి రివర్స్‌లో ఎక్కించండి. అప్పుడు ముందు చక్రాలు పల్లం వైపు ఉండి, బరువంతా వాటి మీదే పడి పట్టు దొరుకుతుంది.

ల్యాండ్ రోవర్ డిఫెండర్ లాంటి ఫుల్ టైమ్ (ఎప్పుడూ నాలుగు చక్రాలకీ డ్రైవ్ ఉండే) బండిలో మధ్య డిఫరెన్షియల్ (ముందు, వెనక షాఫ్టులకి శక్తి పంచేది) లాక్ చేస్తేనే కదులుతుంది. లేకపోతే శక్తి అంతా షాఫ్ట్ లేని వైపు వృథాగా తిరుగుతుంది.

ముందు షాఫ్ట్ తెగితే పని తేలిక. రెండు కొసలూ విప్పేసి టూ హైలో (వెనక చక్రాలకే డ్రైవ్) వచ్చేయవచ్చు. ముందు చక్రాలకి వెళ్లే సీవీ షాఫ్ట్ విరిగితే మాత్రం ఒక జాగ్రత్త. చాలా బళ్లలో బయటి జాయింట్ తాలూకు కాడ, దాని నట్టే హబ్ బేరింగ్‌ని బిగించి ఉంచుతాయి. ఆ కాడ పూర్తిగా లాగేసి నడిపితే బేరింగ్ విడిపోతుంది. లోపలి ముక్క తీసినా బయటి కాడని స్థానంలో పెట్టి నట్టు బిగించాలి.

ఊరు చేరాక కొత్త క్రాస్ కొనేసి వేయించడంతో పని పూర్తి కాదు, ఎందుకు తెగిందో తెలియాలి. విరిగిన క్రాస్ కప్పులు విప్పి చూడండి. లోపలి సన్నటి బేరింగ్ సూదుల బదులు ఇటుక రంగు పొడి రాలితే గ్రీసు ఎండి చచ్చింది, అది నెలల తరబడి జరిగిన పని. సూదులు మెరుస్తూ ఉండి క్రాస్ చేయి నిగనిగలాడే గరుకుతో ఫట్‌మని విరిగితే అది షాక్. మారేడుమిల్లి వైపు గుడిసె కొండ ఎక్కే దారి లాంటి చోట వానాకాలంలో ఇదే జరుగుతుంది. బురదలో చక్రం గిరగిర తిరుగుతూ ఎగిరెగిరి పడుతుంటే ఆక్సిలరేటర్ వదలరు. గాలిలో వేగం పుంజుకున్న చక్రం రాయి మీద పడి ఒక్కసారిగా ఆగుతుంది, ఆ దెబ్బ మొత్తం క్రాస్ మీద పడుతుంది. చక్రం గెంతుతోందంటే కాలు తీసేయాలి, అంతే. ఈ రెండూ కాకపోతే, సస్పెన్షన్ ఎత్తు పెంచారేమో చూడండి. రెండు అంగుళాలు లేపినా షాఫ్ట్ కోణం పెరిగి యోక్ చెవులు ఒకదానికొకటి తగలవచ్చు, తగిలిన మచ్చ కనిపిస్తుంది. చిరిగిన ట్రాన్స్‌ఫర్ కేసు రబ్బర్లు, వదులైన స్ప్రింగు పట్టీల యూ బోల్టులు, పినియన్ ఫ్లాంజ్‌లో (షాఫ్ట్ హౌసింగ్‌కి కలిసే చోటు) ఆట కూడా చూసుకోవాలి.

కొత్త క్రాస్‌కి షాపుకి పాతది పట్టుకెళ్లండి. కప్పు వ్యాసం, ఎదురెదురు కప్పుల మధ్య మొత్తం పొడవు వెర్నియర్‌తో కొలిచి చూడాలి. సర్‌క్లిప్ (కప్పు జారకుండా ఆపే స్ప్రింగు రింగు) బయట కూర్చునే రకమా, లోపలిదా అన్నదీ సరిచూసుకోవాలి. విప్పడం, బిగించడం వైజులో రెండు సాకెట్లు పెట్టి నొక్కితే చాలు. గొట్టాన్ని సుత్తితో కొట్టకండి, సొట్ట పడితే బ్యాలెన్స్ పోతుంది. కొత్త కప్పుల్లో సూదులు గ్రీసుతో గోడకి అంటుకుని ఉంటాయి. కప్పు నొక్కేకొద్దీ వెళ్లి, సర్‌క్లిప్ గాడి సగమే కనిపించి ఆగిపోతే, ఇంకా బాదొద్దు. ఒక సూది జారి కప్పు అడుగున అడ్డంగా పడింది. కప్పు తీసి సూది నిలబెట్టి మళ్లీ ఎక్కించండి. బలవంతం చేస్తే ఆ సూది ముక్కలై కొత్త క్రాస్ కూడా పోతుంది. అన్నీ కూర్చున్నాక యోక్ చెవుల మీద సుత్తితో చిన్నగా తడితే బిగుతు వదిలి, క్రాస్ అన్ని వైపులా పట్టేయకుండా తిరగాలి. లిథియం గ్రీసు, రెండో నంబరుది, నాలుగు సీళ్ల దగ్గరా కొత్త గ్రీసు బయటికి వచ్చేదాకా కొట్టాలి. మూడే వచ్చి ఒకటి రాకపోతే ఆ చేయి ఎండుతుంది, షాఫ్ట్‌ని అటూ ఇటూ ఊపుతూ దానికీ వచ్చేలా చూడండి.

స్లిప్ జాయింట్ (షాఫ్ట్ పొడవు సర్దుకునే పళ్ల జోడు) విడదీసి ఉంటే, రెండు కొసల యోక్‌లు ఒకే తలంలో ఉండేలా దూర్చాలి. కోణంలో తిరిగే క్రాస్ ప్రతి చుట్టుకీ రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది. అవతలి క్రాస్ ఆ తేడాని సరిచేస్తుంది. ఒక పన్ను తేడాగా వేసినా సరి అవ్వదు, వేగం అందుకున్నాక బండి వణుకుతుంది.

ఫ్లాంజ్ బోల్టులు హార్డ్‌వేర్ షాపు మామూలు బోల్టులు కాకూడదు. తల మీది బలం అంకె పాతదానికి తగ్గనివి, 8.8 గానీ 10.9 గానీ, వేయండి. నట్లు కొత్తవి వేయండి. 100 కి.మీ. నడిచాక ఒకసారి పానా పెట్టి చూడండి. ఆ తర్వాత 5,000 కి.మీ.కి ఒకసారీ, నీళ్లలోంచి దాటిన ప్రతిసారీ గ్రీసు కొట్టండి. మెల్లగా పోతున్నప్పుడు చక్రం తిరిగే లయలో కిచకిచమన్నా, ముందుకి వెనక్కి గేరు మార్చినప్పుడు టక్కుమన్నా షాఫ్ట్‌ని చేత్తో పట్టుకుని మెలితిప్పి చూడండి. యోక్ కదలకుండా క్రాస్ కొద్దిగా అయినా ఆడితే ఆ వారమే మార్చేయాలి. కొండల్లోకి వెళ్లేటప్పుడు బండిలో సరిపోయే క్రాసులు రెండు, సర్‌క్లిపులు, ఫ్లాంజ్ బోల్టులూ నట్లూ ఎనిమిది, రింగు పానాలు, వైజు లేని చోట పనికొచ్చే పెద్ద జీ క్లాంప్, గ్రీసు గన్ను ఉండాలి.