గన్నవరం మీదుగా అంతర్వేదికి

అంతర్వేది వెళ్తూ దారిలో లంకల గన్నవరంలో ఆగుదామన్నది మా ఆవిడ. ఆకలితో వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి ఊరది. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆవిడ పేరు పెట్టాక కొత్త తరానికీ ఆ పేరు తెలిసింది గానీ, మా ఇళ్లల్లో పాతదే. ఎవరైనా వేళకాని వేళ వచ్చినవాళ్లకి వండిపెడితే "సీతమ్మ తల్లివమ్మా" అనేవారు పెద్దవాళ్లు.

రావులపాలెం దగ్గర హైవే వదిలితే కోనసీమే. అంబాజీపేటలో టీకని ఆగాం. పక్కనే కొబ్బరి రాశి. ఒకాయన నేలలో పాతిన ఇనుప మొన మీద కాయని గుచ్చి రెండు తిప్పులు తిప్పాడో లేదో, పీచంతా విడిపోయి కాయ చేతిలోకి వచ్చేస్తోంది. చూపు కాయ మీద లేదు, మాతో మాట్లాడుతూనే ఉన్నాడు. గన్నవరం దారి అడిగితే, "సీతమ్మ గారి ఊరికాండి? తిన్నగా వెళ్లిపోండి" అన్నాడు.

ఇప్పుడు తిన్నగానే వెళ్లొచ్చు. ఆవిడ కాలంలో అలా కాదు. గోదావరి పాయలు దాటాలంటే పడవ రేవులో కాపు కాయాలి. వరదొస్తే పడవా ఉండదు. రాజోలు వైపో, అంతర్వేది తీర్థానికో పోయేవాళ్లు, పెళ్లివారు, కూలికి పోయేవాళ్లు అందరూ ఈ గన్నవరం మీదుగానే. హోటళ్లు లేని రోజులు. ఆకలేస్తే ఎవరో ఒకరి గడప తొక్కాల్సిందే. ఆ గడప సీతమ్మ గారిది, ఆవిడ భర్త జోగన్న గారిది.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు, 1909లో పోయారు. జోగన్న గారు వేదం చదువుకున్న రైతు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, అంటే అప్పటికి ఈవిడ చిన్నపిల్ల. ఆ ఇంట్లో గాదెలు నిండడం వెనక కాలవ నీళ్ల చలవ కూడా ఉండే ఉంటుందని నా ఊహ.

ఊళ్లో ఓ అరుగు మీద కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూడగానే విషయం పట్టేశారు. "సీతమ్మ గారి కోసమేనా? రండి, కూర్చోండి." అందరూ ఆవిడ గురించే అడుగుతారు, జోగన్న గారి సంగతి ఎవరికీ పట్టదని ఆయన బెంగ. ఓ వరద రాత్రి అవతల లంకలోంచి ఎవరో "ఆకలీ" అని కేక పెట్టారట. సీతమ్మ గారు భర్తని లేపారు. ఆ చీకట్లో, ఆ వరదలో అన్నం పట్టుకుని వెళ్లింది జోగన్న గారే. "వండింది ఆవిడ. గోదాట్లో దిగింది ఈయన. ఆయ్, పేరు మాత్రం ఒక్కరికే" అన్నారు నవ్వుతూ.

నాకు ఆ మాట పట్టుకుంది. ఎప్పుడు పడితే అప్పుడు అన్నం పెట్టడమంటే కబుర్లు కాదు. మరలు లేవు, వడ్లు దంచుకోవాలి. వానాకాలంలో కట్టెలు తడవకుండా చూసుకోవాలి. గుండిగ పొయ్యి మీంచి దించడానికి ఇద్దరు మనుషులు కావాలి. వీటన్నిటికంటే ముందు, గాదెలో గింజలు తగ్గుతున్నాయని తెలిసీ ఇంటాయన నోరెత్తకుండా ఉండాలి. ఆస్తి కరిగిపోతున్నా జోగన్న గారు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపలేదు. అలాంటి రోజుల్లోనే ఆయన పొలం తవ్వుతుంటే నాణేల బిందె దొరికిందని ఇంకో కథ. నమ్మేవాళ్లు నమ్ముతారు. నాకైతే బిందె దొరక్కముందు ఆయన చూపిన ఓర్పే పెద్దది. అతిథిని దేవుడనుకోవడం పుస్తకంలో చదువుకోవడం ఒకటి, అర్ధరాత్రి తలుపు కొట్టినప్పుడు అనుకోవడం ఇంకొకటి.

బ్రిటిష్ చక్రవర్తి ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవానికి ఆవిడకి పిలుపొచ్చిందనీ, వెళ్లకపోతే ఫొటో తీయించి తెప్పించుకున్నారనీ అందరూ చెప్పుకుంటారు. పెద్దాయన కూడా అక్కడికే వచ్చారు. రాజు మెచ్చుకుంటే తప్ప మన గొప్ప మనకి ఆనదేమో అనిపిస్తుంది నాకు. నాకు నచ్చేది అంతర్వేది కథ. ఎన్నాళ్లకో తీరిక చేసుకుని నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారట సీతమ్మ గారు. దారిలో ఎవరో పెళ్లివారు ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని "కాసేపు ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మ గారు అన్నం పెడతారు" అని ఊరడిస్తున్నారు. అది చెవిన పడగానే వెనక్కి తిరిగి, వాళ్లకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారట.

భోజనం చేసి వెళ్లమన్నారు పెద్దాయన. గుడి మూసేస్తారని మజ్జిగతో సరిపెట్టుకుని లేచాం. గోదావరి పాయ వైనతేయ మీద అక్విడక్టు, అంటే కాలవని నది దాటించే వంతెన, దాటి, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా సముద్రం వాసన తగిలేదాకా ఆగలేదు.

అంతర్వేదిలో పూజారి గారు గోత్రనామాలు అడిగి, నా పేరు చెప్పి, "ధర్మపత్నీ సమేతస్య" అని కానిచ్చేశారు. మా ఆవిడ నా చెవిలో గొణిగింది: "ఆ ఇంట్లో అయితే సమేతంగా జోగన్న గారొచ్చేవారు." పూజారి గారు తలెత్తి చూశారు. నేను శఠగోపం కోసం తల వంచేశాను.